భాగమా? భరణమా?

మొన్న వేసవికి ముందు పెద్దమండ్యము ప్రాంతమున నొక భవిత కేంద్రములో మేము కూర్చుండియుండగా, ఒక ముసలమ్మ మనుమని చేయిపట్టుకొని లోనికి వచ్చెను. బాలునికి పదునొకండేండ్లు. మాట లేదు. వచ్చినవాడు వచ్చినట్లే గోడవైపు తిరిగి కూర్చుండి, వ్రేళ్లను కన్నులముందు ఆడించుకొనుచుండెను. మేము బడిపంతులమని తెలిసికొని ఆమె యిట్లడిగెను: “అయ్యోరా, వీనికి సదువొస్తాదా? వచ్చినా దాంతో ఏం జేసుకుంటాడు?”

మొదటి ప్రశ్నకు అచ్చటి ఉపాధ్యాయురాలు తనకు తెలిసినంత సమాధానము చెప్పెను. రెండవదానికి గదిలో నెవ్వరును మారు పలుకలేదు, మేమును పలుకలేదు. చదువుకొన్నచో ఉద్యోగము వచ్చును, నలుగురిలో గౌరవము కలుగును, ముసలితనమున మీకు ఆదరువగును అని తల్లిదండ్రులకు చెప్పి చెప్పి మా నోటికి అలవాటైన మాటలలో ఒక్కటియు ఆ గదిలో పనికిరాకపోయెను. ఇంటికి వచ్చిన పిమ్మటగూడ ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. దానికి ఉత్తరము వెదకుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పట్టణవాసులగు చదువరులలో కొందరికి ఈ కేంద్రముల సంగతి తెలియకపోవచ్చును. బుద్ధివికాసము మందగించిన పిల్లలు, ఆటిజము గలవారు, మాట, వినికిడి, కాలుసేతుల బలము చాలనివారు తమ ఊరి బడితోబాటు వచ్చి నేర్చుకొనుటకు మండల కేంద్రములలో ప్రభుత్వమువారు నెలకొల్పిన గదులివి. సహితవిద్యోపాధ్యాయులు పాఠము చెప్పుదురు. నియమించిన దినములలో ఫిజియోథెరపిస్టు వచ్చి బిగిసిన కాళ్లను సాగదీయించును. కదలలేని పిల్లల ఇండ్లకు ఉపాధ్యాయులే పోవుట గూడ కలదు. గోడమీద అక్షరములకంటె బొమ్మలు మెండు: పళ్లు తోముకొను బొమ్మ, నీళ్లు పోసికొను బొమ్మ, అన్నము తిను బొమ్మ. మాటను పట్టుకొనలేని పిల్లలకు బొమ్మల వరుసయే దినచర్య.

ఆ దినమున మేము చూచిన పాఠము చొక్కా గుండీ పెట్టుకొనుట. మేము ఇంతకాలము పాఠము చెప్పినవారమే. కాని గుండీ పెట్టుకొనుటలో ఎన్ని పనులున్నవో ఎన్నడును లెక్కింపలేదు. కాజాను ఒకచేత పట్టవలెను. గుండీని రెండవచేతి రెండు వ్రేళ్ల నడుమ నిలువుగా త్రిప్పవలెను. అంచును కాజాలోనికి దూర్చవలెను. ఆవలివైపున దానిని అందుకొనవలెను. ఇవతలి చేయి విడువవలెను, విడిచిన చేయి గుడ్డను లాగవలెను. ఉపాధ్యాయురాలు ఈ పనులన్నియు తానే చేసి, కట్టకడపటి లాగుడొక్కటి పిల్లవానికి విడిచిపెట్టెను. వాడు లాగెను. గుండీ పడెను. పని ముగించినవాడు వాడే! ఆ లాగుడు చేతికి వచ్చిన పిదప కడపటి రెండు పనులు వానివి, అటుపిమ్మట మూడు. ఇట్లు వెనుకనుండి ముందునకు నడచు పాఠము. మేము మొదటినుండి మొదలుపెట్టి, నడుమ తప్పిపోయినవానిని మొద్దని పిలుచు జాతివారము గనుక ఈ పద్ధతి మాకు వింతగా తోచెను. ప్రతి ప్రయత్నమును పిల్లవాడు గెలుపుతోనే ముగించును. మా తరగతిలో ఎందరు పిల్లలు ఏడాది పొడవునను ఒక్క గెలుపైనను ఎరుగక పోవుచున్నారో తలచుకొని సిగ్గుపడితిమి.

ఆ పిల్లవానికి ఒక గుండీ వచ్చుటకు ఆరు వారములు పట్టినదట. ఆరు వారములలో మా తరగతివారు భిన్నముల కూడిక, తీసివేత ముగించిరి. ఇచ్చట న్యాయమైన యొక ఆక్షేపణ కలదు. దానిని దాటిపోవుట మా ఉద్దేశము గాదు. పంతుళ్లు చాలని పల్లె బడులు మా సీమలో ఎన్నియో కలవు. ఒక్క పంతులు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టుకొని ఈడ్చుకొనిపోవు చోట, ఒక పిల్లవాని గుండీకై ఆరు వారములు వ్యయము చేయుట తగునా? తక్కిన పిల్లలు దరిద్రుల బిడ్డలు కారా? ఈ ప్రశ్న వేయువారందరు కఠినులు కారు. మేమే ఎన్నో పర్యాయములు వేసితిమి.

సమాధానము వెదకుచు మేము మొట్టమొదట పోయినది మేము చదువుకొన్న సంస్కృతము వద్దకే. మనువు తొమ్మిదవ యధ్యాయమున దాయవిభాగము చెప్పుచు, పుట్టుగ్రుడ్డికి, చెవిటికి, ఉన్మత్తునికి, జడునికి, మూగకు పిత్రార్జితమున భాగము లేదనెను. యాజ్ఞవల్క్యుడును అట్లే చెప్పెను. విజ్ఞానేశ్వరుని మితాక్షర దానిని విస్తరించెను. కేతన తెనిగించిన విజ్ఞానేశ్వరీయము వలన ఆ ధర్మము తెలుగువారికిని అందెను. కాని ఆ స్మృతికర్తలను వట్టి క్రూరులనుట సాహసము. భాగము లేదన్న నోటితోనే, వారికి యావజ్జీవము అన్నవస్త్రము లీయవలెననియు, ఈయనివాడు పతితుడగుననియు మనువు చెప్పెను. అనగా జడునికి భాగము లేదు, భరణము కలదు. అన్నదమ్ములు పొలము పంచుకొందురు; వాడు వసారాలో కూర్చుండి, వారు పెట్టినది తినును.

ఈ ధర్మము మన తాతల నాటివరకు చట్టముగా నడచినది. 1928లో శాసనసభ ఒక చట్టము చేసి, రోగము వలనను అంగవైకల్యము వలనను హిందువులకు దాయభాగము పోగూడదని శాసించెను. కాని అందును ఒక మినహాయింపు మిగిలెను: పుట్టుకతోనే ఉన్మాదియో జడుడో అయినవాడు మాత్రము వెలుపలనే. గ్రుడ్డివానికి తలుపు తెరచిరి, కుంటివానికి తెరచిరి, మందబుద్ధికి తెరువలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టముతో ఆ తలుపును తెరచుకొనెను. రోగమును, లోపమును కారణముగా జూపి ఎవ్వని భాగమును తీసివేయరాదని అందు వ్రాసిరి. స్త్రీల ఆస్తిహక్కును గూర్చి ఆ దినములలో దేశమంతయు వాదించెను. ఇంటిమూల జడుని హక్కును గూర్చి ఏ సభలోనైన నెవరైన గొంతెత్తినట్లు మేము చదివినది లేదు.

పొలములో భాగము వచ్చినది. బడిలో వచ్చినదా? 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తించినది. 2016 చట్టము ఇరువదియొక్కటిని గుర్తించి, బుద్ధివైకల్యమును, ఆటిజమును, చదువు వ్రాతలలో మాత్రమే తడబడు లోపమును వేర్వేరుగా చెప్పినది. నూటికి 40 పాళ్లు గాని అంతకు మించి గాని వైకల్యము గల పిల్లలకు ఆరేండ్లు మొదలు పదునెనిమిదేండ్ల వరకు, పొరుగు బడిలోనైనను కోరిన ప్రత్యేక పాఠశాలలోనైనను ఉచితముగా చదువు చెప్పవలెనన్నది. కాగితముమీద భాగము వచ్చినట్లే. కాని జనుల మనస్సు ఇంకను మితాక్షర నాటిదే. మా ప్రాంతమున ఇట్టి బిడ్డ పుట్టిన యింట ముందుగా వినబడు మాట “సదరం” అనునది. సదరము శిబిరమునకు పోయి, శాతము వ్రాయించుకొని, పింఛను తెచ్చుకొనుట. 2024లో ఆ పింఛనును మూడువేలనుండి ఆరువేల రూపాయలు చేసిరి. కూలినాలి చేసికొను ఇంటికి అది చిన్న సొమ్ముగాదు, చేసినవారు మంచిపనియే చేసిరి. కాని పింఛను భరణము. పింఛనుకై మదనపల్లెకు పదిసార్లు తిరిగిన తండ్రిని, బిడ్డను వారమునకు రెండు దినములు కేంద్రమునకు తీసికొనిరమ్మన్నచో, “వానికెందుకు సార్” అనును. అతనిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. అతనికి చట్టములోని భాగమును గూర్చి ఎవరును చెప్పలేదు. చెప్పవలసినవారము మేము.

ఇచ్చట మా సంగతి యొకటి చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రిందట మా తరగతిలో ఒక పిల్ల యుండెను. మాటలు నాలుగైదు మాత్రమే. పలకమీద గీతలు తప్ప అక్షరము వ్రాయలేదు. అల్లరి చేయునది గాదు. మేము ఆమెను వసారా గుమ్మముకడ, గాలి తగులుచోట కూర్చుండబెట్టితిమి. దయతోనే యని అప్పుడనుకొంటిమి. ప్రతిదినము హాజరుపట్టీలో ఆమెకు గుర్తు వేసితిమి. మధ్యాహ్న భోజనమునకు ముందుగా ఆమెకే వడ్డింపించితిమి. ఆ దినములలో పిల్లలను తరగతిలో నిలిపివేయగూడదను నియమముండెను గనుక, ఏటేట పైతరగతికి పంపితిమి. ఒక్క దినమైనను ఆమెనొక ప్రశ్న యడిగినవారము కాము. అన్నము పెట్టితిమి, పేరు వ్రాసితిమి, పాఠములో భాగమీయలేదు. స్మృతికర్తలను విమర్శించు మేము మా వసారాలో వారి ధర్మమునే తు.చ. తప్పక నడపితిమి.

ఆ పిల్ల మధ్యాహ్నము భోజనపు పళ్లెములు పరచెడిది. వరుసగా కూర్చున్నవారిలో ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి. ఒకటి తక్కువయిన లోనికి పరుగెత్తి ఒకటే తెచ్చెడిది, రెండు తెచ్చెడిది గాదు. మేము దానిని సేవ యనుకొని మెచ్చుకొంటిమి. ఎన్నో యేండ్లకు ఈ కేంద్రమున ఉపాధ్యాయురాలు ఒక పిల్లవానిచేత ఒక్కొక్క గిన్నెలో ఒక్కొక్క చింతగింజ వేయించుచు, “లెక్కకు ఇదే మొదటి మెట్టు సార్” అన్నప్పుడు మా గుండె జల్లుమనెను. లెక్కల మొదటి మెట్టు మా కన్నులయెదుటనే ఆ పిల్ల ప్రతిదినము ఎక్కుచుండెను. రెండవ మెట్టు చూపవలసిన పంతులు విస్తరిముందు కూర్చుండి పప్పు చల్లారినదని చింతించుచుండెను.

ఇట్టి పిల్లల పక్షమున మాటలాడువారు సాధారణముగా ఒక త్రోవ పట్టుదురు. ఈ జడులలో ఎట్టి మహానుభావులు దాగియుందురో యెవరెరుగుదురు అందురు. భాగవతములోని జడభరతుని చూపుదురు. పల్లకి మోయలేడని రాజు కసరిన వెర్రివాడే ఆ రాజునకు జ్ఞానము బోధించెను. పంచతంత్రమును చూపుదురు. అమరశక్తి కొడుకులు ముగ్గురును పరమమూఢులు. వారికొరకే విష్ణుశర్మ కథలల్లి ఆరునెలలలో నీతిశాస్త్రవేత్తలను చేసెను. మా సీమవారికైతే ఇంతకంటె దగ్గరి యుదాహరణమే కలదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి బాల్యమున మలేరియాతో తీసుకొని, బడిలో కలలు గనుచు కూర్చుండెడివాడు. ఉపాధ్యాయులు మందమతి యని కొట్టిరనియు, తరగతి వెలుపల వసారాలో నిలువబెట్టి మరచిపోగా తమ్ముడు వచ్చి యింటికి తోడుకొని పోయెడివాడనియు జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఆయనయే గడియారమొకటి విప్పి, మరల బిగించువరకు బడికి పోననెనట. ఆ బాలుని మాటలు తరువాత దేశదేశముల వారు కూర్చుండి వినిరి. ఋషివ్యాలీ విద్యాలయము మాకు కూతవేటు దూరముననే యున్నది.

ఈ కథ చెప్పి మేమును సభలలో చప్పట్లు కొట్టించుకొంటిమి. ఇప్పుడు చెప్పుటకు జంకుచున్నాము. ఏలయనగా, కృష్ణమూర్తి మందమతి గాడు, పంతులు పొరపడెను. ఆ కథ పంతులు పొరపాటును గూర్చినది. గోడవైపు తిరిగి వ్రేళ్లాడించుకొను బాలుని విషయమున పంతులు పొరపడలేదు. వాడు రేపు జగద్గురువు కాడు. భిన్నములు కూడ ఎన్నటికిని కూడకపోవచ్చును. దాగిన రత్నమని చెప్పి వానికి చోటిప్పించినచో, రత్నము కాదని తేలిన దినమున ఆ చోటును తీసివేయుటకు మనమే సాక్ష్యము చెప్పినవారమగుదుము. విష్ణుశర్మకు ఆరునెలలు గడువు. ఏడవ నెలలోను మూఢులుగనే మిగిలిన రాజకుమారుల నేమిచేయవలెనో పంచతంత్రము చెప్పలేదు. ఆ ఏడవ నెలయే ఈ కేంద్రముల పని. 2015 మొదలు వినబడుచున్న దివ్యాంగులను పేరును గూడ మాకందుకే అంతగా రుచింపదు. మంచి మనస్సుతో పెట్టిన పేరే కావచ్చును. కాని దివ్యత్వమంటగట్టిన పిదప గుండీ పెట్టుకొనుట నేర్పువారెవరు? దేవునికి మనము నైవేద్యము పెట్టుదుము, పాఠము చెప్పము.

మరియొక త్రోవ కలదు. ఈ పిల్లలవలన లోకమునకు కలిగిన మేలు చూపుట. అది సత్యమే, వినదగినదే. మరియా మాంటిసోరి రోమునగరమున వైద్యురాలై, 1900 ప్రాంతమున బుద్ధిమాంద్యము గల పిల్లలకు చదువు చెప్పెను. అడవిలో దొరికిన బాలునికి మాటలు నేర్పజూచిన ఇటారు వ్రాతలను, అతని శిష్యుడగు సెగెను వ్రాతలను తనచేతితో ఎత్తి వ్రాసికొని, వారి పరికరములను మెరుగుపరచెను. ఆమె శిష్యులలో కొందరు తక్కిన పిల్లలతో సమముగా పరీక్ష నెగ్గిరి. అందరు ఆమెను పొగడుచుండగా, ఆరోగ్యవంతులగు పిల్లలను మామూలు బడులు ఇంత తక్కువలో నెట్లు నిలిపివేయుచున్నవి యని ఆమె ఆలోచించెను. ఆ యాలోచననుండి పుట్టినది 1907 నాటి శిశుగృహము. 1939లో ఆమె మద్రాసు అడయారునకు వచ్చి మనవారికి శిక్షణమిచ్చెను. నేడు ధనవంతులు వేలకువేలు చెల్లించి తమ బిడ్డలను పంపు మాంటిసోరి బడులలోని కొయ్యదిమ్మెలు ఆ “పనికిరాని” పిల్లల చేతులలో తొలుత పరీక్షింపబడినవి. ఋషివ్యాలీవారు చుట్టుపట్ల పల్లె బడులకై ఏర్పరచిన చదువు నిచ్చెనలోను ఏ పిల్లవాడు ఆ పిల్లవాని మెట్టుననే యుండును. తరగతియంతయు ఒకేసారి ఎక్కవలెనను నిర్బంధము లేదు. ఆ పద్ధతిని మేము మా తరగతిలో కొంత అనుసరించి చూచితిమి. మెల్లగా నేర్చువారికి పెట్టిన నిచ్చెన, త్వరగా నేర్చువారికిని మేలే చేసినది.

కాని ఇదియు చాలదు. లోకమునకు మేలు చేసిరి గనుక చదువీయవలెననినచో మరల బేరమే. ఏ మేలును చేయని బిడ్డ మాటయేమి? తండ్రి పొలము పంచునప్పుడు ఏ కొడుకు పుట్టికి ఎన్ని బస్తాలు పండించునని అడిగి పంచడు. వేరుసెనగ వేసికొనునో, టమాటా వేసి మదనపల్లె మార్కెట్టుకు పంపునో, బీడు పెట్టుకొనునో వాని యిష్టము. భాగమునకు కారణము పంట గాదు, పుట్టుక. చదువు తాతలు కూడబెట్టిన పొలమువంటిదని మేము నమ్ముచున్నాము. భాష, లెక్క, గుండీ పెట్టుకొనుట, మరుగుదొడ్డికి పోయి శుభ్రపరచుకొనుట, తన పేరు పిలిచిన తల త్రిప్పుట, పదిరూపాయల నాణెమును గుర్తుపట్టుట: ఇవన్నియు వేలయేండ్లుగా మనుష్యులు కనిపెట్టి నిలిపిన సొత్తు. అందులో ఎంత అందుకొనగలడో అంత వానికి రావలెను. కొంచెమే అందుకొనగలవాడని ఆ కొంచెమును అన్నదమ్ములు పంచుకొనరాదు.

తక్కిన పిల్లల కాలము మాట? నష్టము లేదని మేము చెప్పము. పంతులు ఒక గంటను రెండుచేయలేడు. కాని మేము మా తరగతిలో నొక వారము గమనించి చూచుకొంటిమి. మా ప్రశ్నలలో మిక్కిలి భాగము ముందువరుసలోని ముగ్గురికే పోవుచుండెను. వారు త్వరగా చెప్పుదురు, మాకు సంతోషము కలుగును, పాఠము సాగినట్లుండును. ఆ ముగ్గురికై ముప్పదిమంది కాలము పోవుచున్నదని ఇంతవరకు ఎవ్వరును ఆక్షేపింపలేదు. వసారాలోని పిల్లకు పది నిమిషములిచ్చినప్పుడు మాత్రము తక్కినవారి న్యాయము గుర్తుకు వచ్చును!

కేంద్రమువలన ఒక కీడుగూడ రాగలదు. “వాడు భవితపిల్లవాడు, మావాడు కాడు” అని బడి చేతులు దులుపుకొనును. అట్లు జరుగుచుండగా చూచితిమి. వేరుపెట్టిన భాగము భాగమే గాని ఇంటినుండి వెలివేయుటకు అది నెపము కారాదు. కేంద్రములో నేర్చిన గుండీని బడిలో నలుగురి నడుమ పెట్టుకొనవలెను. అందుకు బడిపంతులు కేంద్రమునకు పోయి చూడవలెను. మేము పోవుటకు ఇన్నేండ్లు పట్టినది.

ఆ పళ్లెముల పిల్ల యింటికి ఇటీవల పోయితిమి. పదునైదేండ్లు నిండినవి. బడి మానినది. తల్లి టమాటా కోతకు పోవును. తండ్రి బెంగుళూరులో కట్టడపు పనిలోనున్నాడు. తల్లి లేని వేళ పిల్లను ఇంటిలోనుంచి వెలుపల గొళ్లెము పెట్టుదురు. బావిలో పడునని భయము, దానికంటె పెద్ద భయమొకటి. ఆడపిల్ల తల్లి దానిని నోట చెప్పదు. “ఏం జేసేది సార్, పొద్దుటికి కూలికి పోకుంటే ఎట్లా?” అనెను. పదునెనిమిదేండ్ల వరకు చట్టము కలదని మేము చెప్పితిమి. ఆమె ఓపికతో వినెను. కేంద్రమునకు బస్సు ఏ వేళకని అడిగెను. ఆ వేళకు బస్సు లేదు. ఈ చిక్కును మేమింకను విడదీయలేదు. తోడు వచ్చువారికి ప్రభుత్వమిచ్చు భత్యముతో పొరుగింటి ముసలివాని నొకని ఒప్పించు ప్రయత్నములో నున్నాము.

మొదట చెప్పిన అవ్వను వర్షములు పడిన తరువాత మరల చూచితిమి. ఆమె ప్రశ్నకు ఉత్తరముగా ఇంత శాస్త్రమును, ఇన్ని చట్టములను సిద్ధపరచుకొనియుంటిమి గాని ఒక్కటియు నోటికి రాలేదు. “అవ్వా, వాని చొక్కా వాడే తొడుక్కుంటాడు” అంటిమి.

“అంతేనా అయ్యోరా?”

“అంతే.”

ఆమె కొంతసేపు మనుమనివైపు చూచెను. “పోనీలే, చొక్కా వానిదే గదా” అని, రెండుగంటల బస్సు తప్పిపోవునని వానిని లేవదీసికొని పోయెను.